పరదా నుండి పచ్చతెర దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. పాతబస్తీవాడిని గనుక చార్మినార్ గురించో, 1908 మూసీ వరద గురించో వ్రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. వాటిని గురించి పెద్దలు ఎందరో వ్రాసి ఉన్నారు. నేను ఎన్నుకున్నది ఒక పచ్చగుడ్డ చరిత్ర. దీనిలో చరిత్ర ఏమున్నదని అనుకోవద్దు. చివరిదాకా చదివితే ఈ గుడ్డకూ మన పెన్షన్ సొమ్ముకూ ఉన్న సంబంధం మీకే బోధపడుతుంది.

ఈ రోజుల్లో పెళ్ళి వీడియోలలోనూ, మన మనుమలు సెల్‌ఫోన్లలో చూసే బొమ్మలలోనూ ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. దూరాన చార్మినార్, దాని ముందు చిన్నగా ఒక మనిషి. చూస్తుండగానే కెమెరా రివ్వున ముందుకు పోయినట్లు ఆ మనిషి ముఖం తెరనిండా పరుచుకుంటుంది. వాస్తవం ఏమిటంటే ఆ మనిషి చార్మినార్ దగ్గరకు పోనే లేదు. కెమెరా అంగుళం కదలలేదు. ఒక గదిలో పచ్చగుడ్డ కట్టి, దాని ముందు మనిషిని నిలబెట్టి తీసిన బొమ్మ అది. చార్మినారూ, దగ్గరకు పోవడమూ తరువాత కంప్యూటర్‌లో కలిపినవే. ఈ కనికట్టు నిన్న మొన్న పుట్టిందని పిల్లలు అనుకుంటారు. దీని వంశవృక్షం చాలా పాతది.

దీపం ముందు తోలుబొమ్మ

కెమెరా పుట్టకముందే మన పల్లెల్లో ఈ విద్య ఉన్నది. తోలుబొమ్మలాటలో తెల్లని తెర వెనుక దీపం పెడతారు. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే నీడ బొమ్మంత కొలతలోనే, స్పష్టంగా పడుతుంది. అదే బొమ్మను తెర నుండి దీపం వైపుకు జరిపితే నీడ పెద్దదవుతుంది, అంచులు మసకబారుతాయి. తెరకు ఇవతల కూర్చున్న వారికి బొమ్మ తమ మీదికి వస్తున్నట్లే ఉంటుంది. నిమ్మలకుంట కళాకారుల బొమ్మలు చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

యూరప్‌లో ఇదే సూత్రం మీద 1798లో రాబర్ట్‌సన్ అనే ఆయన పారిస్ నగరంలో దయ్యాల ప్రదర్శన నడిపాడు. బొమ్మలు చూపే లాంతరుకు చక్రాలు బిగించి, తెర వెనుక ముందుకూ వెనుకకూ నడిపేవాడు. తెర మీది దయ్యం పెరిగి పెద్దదై మీద పడుతున్నట్లు కనిపించి జనం కేకలు పెట్టేవారట. నడిచింది లాంతరు, దయ్యం ఉన్నచోటనే ఉన్నది.

దీన్ దయాళ్ కాలపు పరదా

మన నగరానికి వద్దాము. రాజా దీన్ దయాళ్ పేరు వినని హైదరాబాదీ ఉండడు. ఆయన కూడా మనవంటి సర్కారీ ఉద్యోగి అని మాత్రం కొందరికే తెలుసు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు, డ్రాయింగులు వేసే పనిలో చేరాడు. ఫోటోగ్రఫీ మొదట ఆయనకు సరదా, తరువాత అదే వృత్తి అయింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో కూడా ఏర్పాటు చేసి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. 1905లో కాలం చేశాడు.

ఆ కాలపు స్టూడియోలలో మనిషి వెనుక రంగులు వేసిన పెద్ద పరదా వేలాడేది. దాని మీద తోట, స్తంభాలు, మెట్లు, దూరాన సరస్సు ఉండేవి. మనిషి నిజం, వెనుక జాగా అబద్ధం. అయితే అది ఎవరినీ మోసగించే అబద్ధం కాదు. తీయించుకున్నవాడికీ తెలుసు, చూసినవాడికీ తెలుసు. మన తరం వారు నుమాయిష్‌లోనూ, గల్లీ స్టూడియోలలోనూ తాజ్‌మహల్ పరదా ముందు నిలబడి తస్వీరు దిగినవారమే. మా ఇంట్లో గోడకు ఉన్న మా పెళ్ళినాటి ఫోటోలో మా వెనుక కాశ్మీరు సరస్సు ఉన్నది. మేమిద్దరం నేటికీ కాశ్మీరు చూడలేదు.

ఆ పరదాకు ఒక లోపం ఉండేది. ఫోటోగ్రాఫరు కెమెరాను దగ్గరకు తెస్తే మనిషితో పాటు పరదా మీది ముడతలు, కుంచె గీతలు కూడా కనిపించి గుట్టు బయటపడేది. అందుకే మనిషినీ వెనుక దృశ్యాన్నీ వేరువేరుగా తీసి తరువాత అతికించే మార్గం కోసం ప్రపంచమంతా వెతికింది.

పెరిగిన తలకాయ

ఆ మార్గం మొదట గొప్పగా చూపినవాడు ఫ్రాన్సు దేశపు జార్జి మెలియెస్. ఈయన వృత్తిరీత్యా గారడీవాడు. 1901లో ఆయన తీసిన చిన్న చిత్రంలో ఒక శాస్త్రజ్ఞుడు తన తలవంటి తలనే బల్ల మీద పెట్టి, గొట్టంతో గాలి కొడతాడు. తల బెలూనువలె ఉబ్బుతుంది. గాలి తీస్తే చిన్నదవుతుంది. చివరకు ఇంకొకడు వచ్చి మితిమీరి గాలి కొట్టడంతో పేలిపోతుంది.

తల ఎట్లా ఉబ్బింది? మెలియెస్ నల్లని తెర ముందు, మెడ క్రింది శరీరం కనపడకుండా నల్లగుడ్డ కప్పుకొని, పట్టాల మీద జరిగే కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీని తాడుతో కెమెరా వైపుకు లాగారు. కెమెరాకు దగ్గరవుతున్నకొద్దీ తల పెద్దదిగా పడింది. నలుపు ఫిల్ము మీద ముద్ర వేయదు గనుక అదే ఫిల్మును వెనుకకు త్రిప్పి, ఖాళీగా మిగిలిన భాగంలో బల్ల, గది దృశ్యం తీశారు. రెండు దృశ్యాలు ఒకటిగా కలిశాయి. కదలని కెమెరా, వేరుగా తీసిన మనిషి, వేరుగా తీసిన గది, పెరిగే కొలత. నేటి పచ్చతెర విద్యకు కావలసిన నాలుగు దినుసులూ అందులోనే ఉన్నాయి. 1902లో ఆయన తీసిన చంద్రలోక యాత్ర చిత్రంలో చంద్రుని ముఖం దగ్గరకు వచ్చే దృశ్యం కూడా ఈ పద్ధతిదే.

మాయాబజార్ మనుషులు

మన తెలుగువారికి కనికట్టు అనగానే గుర్తుకు వచ్చేది 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్. విజయా వారి చిత్రం, కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. ఘటోత్కచుని ముందు లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి పోతుంటే పిల్లలే కాదు, పెద్దలూ నోరు తెరుచుకొని చూశారు. స్టూడియోలో తీసిన వెన్నెల నేటికీ వెన్నెలే. అందులోని ప్రియదర్శిని పెట్టె మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. ఈనాడు అమెరికాలోని కొడుకునూ కోడలినీ అరచేతిలో చూసుకుంటున్న మనకు ఆ పెట్టె వింతగా తోచదు.

నలుపు తెలుపు కాలంలో ఈ పనులన్నీ కెమెరాలోనూ, లాబొరేటరీలోనూ చేతితో చేయవలసి వచ్చేది. ద్విపాత్రాభినయం కావాలంటే లెన్సు ముందు సగానికి అడ్డు పెట్టి ఒక ప్రక్క తీసేవారు. ఫిల్మును లెక్క తప్పకుండా వెనుకకు త్రిప్పి, అడ్డును రెండవ ప్రక్కకు మార్చి మళ్ళీ తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలితే నడుమ గీత పడేది, రెండు పూటల శ్రమ వృథా. 1961లో వచ్చిన సీతారామ కళ్యాణం చిత్రంలో రవికాంత్ నగాయిచ్ చేసిన పనితనం, విఠలాచార్య గారి జానపదాలలోని మాయలు, అన్నీ ఈ ఓపిక మీద నిలబడినవే. మన పాత దఫ్తర్లలో కార్బన్ కాగితం పెట్టి ఆరు నకళ్ళు కొట్టిన టైపిస్టులకు ఆ ఓపిక విలువ తెలుస్తుంది. ఒక్క అక్షరం తప్పితే ఆరు చోట్ల తప్పే.

నీలితెర, పచ్చతెర

రంగుల చిత్రాలు వచ్చిన తరువాత నలుపు తెరకు బదులు నీలితెర వచ్చింది. 1940లో వచ్చిన ‘బాగ్దాద్ దొంగ’ అనే ఆంగ్ల చిత్రంలో లారెన్స్ బట్లర్ దీనిని వాడి ఆస్కార్ బహుమతి పొందాడు. ఆ చిత్రంలో సముద్రపు ఒడ్డున కొండంత భూతం ముందు చీమంత నిలబడిన కుర్రవాడు మన మైసూరు పిల్లవాడు సాబూ. 1950ల చివర పెట్రో వ్లాహోస్ అనే ఇంజనీరు జుట్టు అంచులు, పొగ, గాజువంటివి కూడా చక్కగా వేరుపడేటట్లు ఈ పద్ధతిని సంస్కరించాడు. ‘బెన్‌హర్’ చిత్రానికి అది ఉపయోగపడింది.

నీలమే ఎందుకు, పచ్చ ఎందుకు అని అడగవచ్చు. మనిషి చర్మంలో ఎరుపు, పసుపు పాలు ఎక్కువ, నీలం పచ్చల పాలు తక్కువ. కనుక నీలాన్ని గాని పచ్చను గాని తీసివేస్తే ముఖం చెడదు. ఫిల్ము రోజులలో నీలం అనుకూలించింది. డిజిటల్ కెమెరాలలో వెలుగును పట్టే గళ్ళలో సగం పచ్చరంగుకే కేటాయించి ఉంటాయి. పచ్చను అవి స్పష్టంగా, తక్కువ దీపాలతోనే పట్టుకుంటాయి. అందువలన పచ్చతెర ప్రబలింది. దాని ముందు పచ్చ చీర కట్టుకొని నిలబడితే మాత్రం చీర మాయమై తల, చేతులు మాత్రమే గాలిలో తేలతాయి. అటువంటప్పుడు నీలితెర కడతారు.

పని వరుస ఇట్లా ఉంటుంది. గుడ్డ మీద ముడతలు లేకుండా చూసి, దాని మీద వెలుగు అంతటా సమానంగా పడేటట్లు దీపాలు పెడతారు. మనిషిని గుడ్డకు కొన్ని అడుగులు ఎడంగా నిలబెడతారు, లేకుంటే పచ్చ ఛాయ చెవుల మీద, భుజాల మీద పడుతుంది. కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచి నిలువెత్తు మనిషిని తీస్తారు. కంప్యూటర్‌లో పచ్చరంగు ఉన్నచోటునంతా ఖాళీ చేయమంటే మనిషి ఒక్కడే మిగులుతాడు. ఆ ఖాళీలో చార్మినార్ ఫోటో పెడతారు. ఇక మిగిలింది దగ్గరకు పోయినట్లు చూపడం.

పత్తర్‌గట్టీలో ఒక లెక్క

ఈ చివరి సంగతి తెలియాలంటే ఒక చిన్న లెక్క చేయాలి. పత్తర్‌గట్టీలో నిలబడి చార్మినార్ వైపు చూస్తున్నామని అనుకుందాము. మనకు 20 అడుగుల దూరంలో ఒక మిత్రుడు నిలబడి ఉన్నాడు. చార్మినార్ 400 అడుగుల దూరంలో ఉన్నది. ఇప్పుడు మనము 10 అడుగులు ముందుకు నడిస్తే మిత్రుడు 10 అడుగుల దూరంలోకి వస్తాడు, రెండింతలుగా కనిపిస్తాడు. చార్మినార్ 390 అడుగుల దూరానికి వస్తుంది. అది పెరిగినది నూటికి రెండున్నర వంతు మాత్రమే, కంటికి ఆనదు. నడకలో దగ్గరివి గబగబా పెరుగుతాయి, దూరానివి నిదానంగా పెరుగుతాయి.

నడవకుండా కెమెరాలోని జూమ్ లెన్సు త్రిప్పితే అట్లా జరగదు. మిత్రుడు రెండింతలైతే చార్మినార్ కూడా రెండింతలు అవుతుంది. సినిమా కెమెరాలకు ఇటువంటి లెన్సు 1932 నాటికే అమ్మకానికి వచ్చింది. 1958లో హిచ్‌కాక్ తన ‘వెర్టిగో’ చిత్రంలో కెమెరాను ఒక దిక్కుకు జరుపుతూ జూమ్‌ను ఎదురు దిక్కుకు త్రిప్పించి, చూసేవారికి కళ్ళు తిరిగేటట్లు చేశాడు.

పచ్చతెర వీడియో కూర్చేవాడి చేతిలో మనిషి ఒక పొర, చార్మినార్ ఒక పొర. రెండింటినీ ఒకే నిష్పత్తిలో పెంచితే జూమ్ చేసినట్లు ఉంటుంది. మనిషిని ఎక్కువగా, చార్మినార్‌ను అతి తక్కువగా పెంచితే కెమెరా నడిచిపోయినట్లు ఉంటుంది. మొదట నిదానంగా, నడుమ వేగంగా, చివర నిదానంగా పెంచితే కన్ను నమ్ముతుంది. అయితే బొమ్మను ఎంతైనా పెంచడం కుదరదు. చూపవలసిన వీడియో 1920 చుక్కల వెడల్పు ఉండి, తీసినది 3840 చుక్కల వెడల్పు ఉంటే రెండింతల వరకు స్పష్టత పోదు. అంతకు మించితే ముఖం అలుక్కుపోయినట్లు అవుతుంది. అరిగిన రబ్బరు స్టాంపు ముద్రను ఎంత ఒత్తినా అక్షరం రానట్లే.

మన ఊరికి వచ్చిన విద్య

హైదరాబాదుకు సినిమా కొత్త కాదు. 1922లోనే ధీరేన్ గంగూలీ నిజాం రాజ్యానికి వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. 1924లో రజియా బేగం చిత్రం ప్రదర్శన వలన ప్రభువు ఆగ్రహానికి గురై వెళ్ళిపోవలసి వచ్చింది. తరువాత చాలాకాలం తెలుగు చిత్రాలకు మద్రాసే దిక్కు. సారథి, అన్నపూర్ణ స్టూడియోలు వచ్చి, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ ఏర్పడేసరికి పరిస్థితి మారింది.

1995లో వచ్చిన అమ్మోరు చిత్రంతో తెలుగు ప్రేక్షకులకు కంప్యూటర్ మాయ పరిచయమైంది. 2009లో మగధీర, 2012లో ఈగ చిత్రాలకు ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ బహుమతులు వచ్చాయి. ఈగలో నటులు లేని ఈగను ఉన్నట్లు చూస్తూ నటించారు. 2015 నాటి బాహుబలిలో నటులు నిలబడి నటించిన చోటు వేరు, మనకు తెర మీద కనిపించిన మాహిష్మతి వేరు. 2010లో మాయాబజార్‌కు రంగులు అద్దిన పని కూడా మన హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ చేసినదే. మద్రాసులో నలుపు తెలుపులో పుట్టిన మాయ 53 ఏళ్ళ తరువాత మన ఊళ్ళో రంగులు తొడుక్కున్నది. ఇది మనకు గర్వకారణము.

పోలీసు స్టేషను పరదా

ఇక అసలు మనవి చేయవలసిన సంగతి. 2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్ళ నుండి వీడియోలో మాట్లాడుకోవడం మొదలైన నాటి నుండి ఈ విద్యకు గుడ్డ కూడా అవసరం లేకపోయింది. ఫోనే మనిషిని గుర్తించి, వెనుక ఏ గది కావాలంటే ఆ గది పెడుతున్నది. దొంగలు ఊరుకుంటారా? 2024 మే నెలలో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఒక హెచ్చరిక జారీ చేసింది. పోలీసు స్టేషన్లవలె, ప్రభుత్వ కార్యాలయాలవలె కనిపించే స్టూడియోలు వాడి, యూనిఫారాలు తొడుక్కొని కొందరు ప్రజలను ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో బెదిరిస్తున్నారని అందులో ఉన్నది. అదే ఏడాది అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా ఈ విషయం వచ్చింది.

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని గారికి ఇటువంటి కాల్ వచ్చింది. టోపీ, నక్షత్రాలు ఉన్న అధికారి. వెనుక జెండా, బీరువా నిండా ఫైళ్ళు, గోడ గడియారం. మీ పేరున పార్సెల్‌లో మత్తుమందు దొరికింది, కేసు తేలేదాకా ఫోను ముందు నుండి లేవరాదు, ఖాతాలోని సొమ్మంతా తనిఖీకి మేము చెప్పిన ఖాతాకు పంపాలి అన్నాడు. ఆమె వణికిపోయారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, కూతురి పెళ్ళికి దాచిన గ్రాట్యుటీ సొమ్ము. బ్యాంకు పుస్తకం చేతిలోకి తీసుకున్నారు కూడా. ఆమె భర్త రికార్డు సెక్షనులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ప్రక్కన నిలబడి అంతా చూస్తూ భార్య చెవిలో ఒక్క మాట అన్నారు: “ఈయన వచ్చి నలభై నిమిషాలైంది. ఆ గడియారంలో ఇంకా పదీ పదే.” ఆమె ఫోను కట్టేశారు. సొమ్ము దక్కింది. అధికారి వెనుక ఉన్నది కార్యాలయం కాదు, ఒక ఫోటో. దీన్ దయాళ్ కాలపు పరదా వంటిదే. ఆనాటి పరదా మన సరదాకు, ఈ పరదా మన సర్వస్వానికి.

గడియారం వంటి గుర్తులు కొన్ని ఉన్నాయి. తల కదిలినప్పుడు జుట్టు, చెవుల అంచులు మినుకుమినుకుమనడం, చేయి ఊపినప్పుడు వ్రేళ్ళు ఒక క్షణం మాయం కావడం, ముఖం మీద వెలుగు ఒక ప్రక్క నుండి, వెనుక గదిలో వెలుగు ఇంకొక ప్రక్క నుండి పడటం చూడవచ్చు. అయితే ఈ గుర్తులను నమ్ముకొని కూర్చోవద్దని నా సలహా. పనితనం రోజురోజుకూ పెరుగుతున్నది. కొందరు నిజమైన బల్లలు, కుర్చీలు వేసి గదినే కడుతున్నారు. కన్ను పట్టలేనిది మన దఫ్తరు అనుభవం పట్టగలదు.

మనమందరం ముప్పై ముప్పై అయిదేళ్ళు సర్కారులో పనిచేసినవారము. ఏ హుకుం అయినా ఎట్లా వస్తుందో మనకు తెలియదా? నంబరు, తేదీ, సంతకం, మొహరు లేకుండా ఒక్క కాగితం మన బల్ల దాటిందా? వీడియోలో అరెస్టు చేసే చట్టం ఈ దేశంలో లేదు. ఫోను మీద సొమ్ము పంపమనే పోలీసు లేడు. కనుక ఎవరైనా అట్లా మాట్లాడితే జవాబు చెప్పకుండా ఫోను కట్టేయండి. ఇంట్లోవారికి వెంటనే చెప్పండి, సిగ్గుపడి దాచవద్దు. సొమ్ము పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఒంటరిగా ఉంటున్న మిత్రులు సంఘం కార్యాలయానికి వచ్చి గాని, తోటి సభ్యునికి చెప్పి గాని సలహా తీసుకోవాలి.

విద్య చెడ్డది కాదు. మెలియెస్‌ను నవ్వుతూ చూశారు, మాయాబజార్‌ను మురిసిపోతూ చూశారు. మన మనుమలు పచ్చగుడ్డ కట్టి తాతను చార్మినార్ మీద నిలబెడితే మనమూ సంతోషంగా నిలబడదాము. వీలైతే ఆ పని ఎట్లా చేస్తున్నారో వారినే అడిగి ఒకసారి దగ్గర కూర్చొని చూడండి. పరదా వేయడం చూసినవాడిని పరదాతో భయపెట్టడం కష్టం. ఈ వ్యాసం చదివిన మిత్రులు దీనిని తమ ఇంట్లోని స్త్రీలకు, కళ్ళజోడు అందక చదవలేని పెద్దలకు చదివి వినిపించవలసిందిగా మనవి.